వేపపుల్లా, అక్కయ్య గాజులూ

కిందటేడాది ఎండాకాలంలో మా అక్కయ్య పొదిలి దగ్గర పల్లె నుంచి ఒంగోలు మా ఇంటికి వచ్చింది. వస్తూనే గుమ్మంలో కాళ్ళు కడుక్కుని, "కాసిని మంచినీళ్ళియ్యవే, గొంతు ఆర్చుకుపోయింది" అంది. గ్లాసు అందుకుంటున్న చేతికేసి చూసి నాకు నోట మాట రాలేదు. పెళ్ళిలో అమ్మ పెట్టిన నాలుగు జతల గాజులు ఏమయ్యాయో! పేరంటాల్లో మనిషి కంటే ముందు వినిపించే గాజులవి. ఇప్పుడు చేతికి రెండేసి మట్టిగాజులున్నాయి, అంతే.

"గాజులేవే?" అన్నాను.

"భూమిలో ఉన్నాయి" అని నవ్వింది. "ఒక్కో బోరుకి ఒక్కో జత."

ఆ నవ్వు నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని. నవ్వితే ఏం చెయ్యను? అందుకని కాగితం కలం తీసుకున్నాను. ఈ వ్యాసం చదివి కొందరికి నా మీద కోపం రావచ్చు. రానివ్వండి.

జరిగిందేమిటంటే, వాళ్ళకి ఆరెకరాల మెరక చేను. మిరప వేస్తారు. మిరపకి నీళ్ళు తప్పితే పూత రాలిపోతుంది, ఆ ఏడాదికి ఇక అప్పే మిగులుతుంది. అందుకని బావగారు బోరు వేయించాలనుకున్నారు. నీళ్ళు చూసేవాణ్ణి పిలిపించారు. అతను వేపపుల్ల పట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట పుల్ల గిర్రున కిందికి వాలింది. "ఇక్కడ జల ఉంది, రెండించులు పడిద్ది" అన్నాడు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. రిగ్గు లారీ వచ్చింది. నాలుగు వందల అడుగులు దిగాక కూడా తెల్లటి రాతిపిండే ఎగిరింది తప్ప చుక్క తడి లేదు. రెండో బోరుకి అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టేవాడొచ్చాడు. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళకే కాయ నిలబడుతుందట! కాయ నిలబడింది గానీ నీళ్ళు పడలేదు. మూడోదానికి మళ్ళీ మొదటి వేపపుల్ల మనిషే, ఇంకో మూల చూపించాడు. నాలుగోదానికి ఇత్తడి కమ్మీలవాడు. అన్నిటిదీ అదే కథ. గాజులన్నీ అయిపోయాక, అయిదోదానికి నాన్న పెట్టిన గొలుసు తీసి బ్యాంకులో పెట్టి, మా బాబాయిని పిలిచారు.

మా బాబాయి రిటైరైన బడిపంతులు. ఆయన చేతిలో పుల్ల తిరుగుతుందని నాలుగూళ్ళలో పేరు. దమ్మిడీ పుచ్చుకోరు. ప్రయాణపు ఛార్జీలు కూడా తన జేబులోంచే. ఆయన వచ్చి చూసి చేను చివర పల్లంలో, చెరువు కట్ట వైపు, పాయింటు పెట్టారు. నీళ్ళు పడ్డాయి! ఊరంతా చేరి ఆయన చేతికి దణ్ణం పెట్టారు.

చూశారా మరి! అని మీలో ఎవరో అనే ఉంటారు. మా ఎదురింటి లెక్చరరుగారు కూడా సరిగ్గా అదే మాట అన్నారు. ఆవిడకి ఈ మధ్య అంతశ్చేతన మీద అపారమైన భక్తి. 1963లో జోసెఫ్ మర్ఫీ రాసిన 'పవర్ ఆఫ్ యువర్ సబ్‌కాన్షస్ మైండ్' అనే పుస్తకం ఆవిడ తలగడ కింద ఉంటుంది. "ఏమండీ, మీరు నవలలు రాసేవారు, మీకు వేరే చెప్పాలా? మన సబ్‌కాన్షస్ మైండుకి తెలియనిదంటూ లేదు. భూమిలో నీళ్ళెక్కడున్నాయో దానికి తెలుసు. పైకి చెప్పలేదు గనక చేతిని కదిలించి చెబుతుంది. పుల్ల ఒక వంక, అంతే" అన్నారు.

మూఢనమ్మకానికి ఇంత చక్కటి ఇస్త్రీ చీర కట్టడం నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ మాటల్లో సగం నిజం. ఆ సగం నిజంతోనే అసలు ప్రమాదం. పుల్లని కదిలించేది చెయ్యే, చేతిని కదిలించేది మనసే, ఆ సంగతి ఆ మనిషికి నిజంగానే తెలియదు. ఇంతవరకు నాకూ పేచీ లేదు. మీరే చేసి చూసుకోవచ్చు. మధ్యాహ్నం గిన్నెలు సర్దేశాక, ఒక ఉంగరానికి జానెడు దారం కట్టండి. కాగితం మీద ఒక గుండ్రం గీసి, మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఉంగరాన్ని ఆ గుండ్రం మీద వేలాడదీయండి. చెయ్యి కదపకండి. 'గుండ్రంగా తిరుగు, గుండ్రంగా తిరుగు' అని మనసులో మాత్రం అనుకుంటూ ఉండండి. నిమిషం గడిచేసరికి ఉంగరం తిరగడం మొదలుపెడుతుంది. 'ఎదురు తిరుగు' అనుకోండి, ఆగి ఎదురు తిరుగుతుంది. నేను చెయ్యి కదపలేదు మొర్రో అని మీరు దేవుడి పటం ముందు ప్రమాణం కూడా చేస్తారు. అది అబద్ధ ప్రమాణమూ కాదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని, ఉంగరం ఎలా తిరుగుతోందో చూడకుండా పట్టుకోండి. దాని హుషారు తగ్గిపోతుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. షెవ్రూల్ అని ఫ్రాన్సులో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు, కొవ్వుల మీదా బట్టల అద్దకం మీదా పరిశోధనలు చేసినాయన, 102 ఏళ్ళు బతికినాయన, ఈ వేలాడే దారాన్ని పరీక్షించాడు. కళ్ళకి గంతలు కట్టేసరికి దారం మహిమ మాయమైందని 1833లో ఆంపియర్‌కి రాసిన ఉత్తరంలో వివరించాడు. 1852లో కార్పెంటర్ అనే ఇంగ్లీషు డాక్టరు దీనికి ఒక పేరు పెట్టాడు. మనసులో ఒక ఊహ మెదిలితే, మన ప్రమేయం లేకుండానే కండరాలు ఆ ఊహకి తగ్గట్టు రవంత కదులుతాయన్నది ఆయన చెప్పిన సంగతి.

ఇక పంగల పుల్ల సంగతి. దాన్ని అరచేతులు పైకి పెట్టి, రెండు కొమ్మల్నీ బయటికి లాగి బిగించి పట్టుకుంటారు. విల్లు ఎక్కుపెట్టినట్టు ఉంటుంది. మణికట్టు ఆవగింజంత తిరిగితే చాలు, పుల్ల అమాంతం వాలుతుంది. పట్టుకున్నవాడికి ఎవరో లాగినట్టే ఉంటుంది. ఇత్తడి కమ్మీలకీ, అరచేతిలో కొబ్బరికాయకీ ఇదే సూత్రం. ఏ మూలకో వాలబోతూ ఉండే వస్తువుని ఎంచుకుంటే, చేతిలోని చిన్న కదలిక పెద్ద నాట్యమై కనిపిస్తుంది.

నేను బి.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో రాత్రిపూట ప్లాంచెట్ ఆడేవాళ్ళం. గ్లాసు బోర్లించి, నలుగురం వేళ్ళు ఆనించి, ఆత్మల్ని పిలిచేవాళ్ళం. ఒకసారి సాక్షాత్తూ షెల్లీ వచ్చాడు! గ్లాసు అక్షరాల మీద పరుగులు తీసింది. మాకు ఒళ్ళు గగుర్పొడిచింది. తీరా చూస్తే అంతటి ఆంగ్ల మహాకవీ 'రిసీవ్' అన్న మాటకి స్పెల్లింగు తప్పు రాశాడు. మా రూమ్మేటు ప్రతి పరీక్షలోనూ చేసే తప్పు అదే! ఆమె మోసం చెయ్యలేదు పాపం, ఆమె వేలుకి తెలిసిన ఇంగ్లీషు అంతే.

అంతశ్చేతన గురించి ఆ రాత్రి నేర్చుకున్నదే నాకిప్పటికీ చాలు. అది బట్టల బీరువా లాంటిది. మనం ఎప్పుడో లోపల పెట్టి మరిచిపోయినవి ఇస్తుంది. చూసి ఆశ్చర్యపోతాం. పెట్టనిది మాత్రం ఇవ్వదు.

నవలలు రాసేదాన్ని గనక ఈ మాట కాస్త ధైర్యంగానే అంటున్నాను. రాస్తూ రాస్తూ ఉంటే కలం దానంతటదే పోతున్నట్టుంటుంది నిజమే. పాత్రలు మన మాట వినవు, వాళ్ళంతట వాళ్ళు మాట్లాడేస్తారు. అలాంటి మైకంలోనే ఒకసారి కోర్టు సీను రాసేశాను. మహాద్భుతంగా వచ్చిందని మురిసిపోయాను. నెల్లూరు నుంచి ఒక ప్లీడరుగారు ఉత్తరం రాశారు, "అమ్మా, ఆ కేసు ఆ కోర్టులో వెయ్యరు" అని. నా అంతశ్చేతన లా చదవలేదు మరి!

లెక్చరరుగారు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "సరే, మీరు కూరలో ఉప్పు కొలత లేకుండా వేస్తారు కదా? వేళ్ళకి తెలుస్తుంది కదా? అలాగే అనుభవం మీద ఆయన కళ్ళు చెట్టూ పుట్టా పల్లం అన్నీ గమనిస్తాయి, తనకి తెలియకుండానే చేతికి చెబుతాయి. ఇదెందుకు కాకూడదు?" అన్నారు.

ఇది మంచి ప్రశ్న. నేను రెండు రోజులు ఆలోచించాను.

ఉప్పు సంగతి ముందు చూద్దాం. ఇరవై ఏళ్ళుగా రోజుకి రెండు పూటలా ఉప్పు వేస్తున్నాను. వేసిన గంటలో తీర్పు వచ్చేస్తుంది. ఎక్కువైతే మావారి మొహం చెబుతుంది, తక్కువైతే పిల్లలు అరిచి చెబుతారు. పొరపాటు చేసినప్పుడల్లా చీవాట్లు తింటేనే వేళ్ళకి చదువొచ్చింది. నీళ్ళు చూసేవాడికి ఆ చీవాట్లు తగలవు. నీళ్ళు పడితే సన్మానం చేస్తారు. పడకపోతే ఎవరూ అతన్ని అడగరు. "రిగ్గువాడు వంకరగా దింపాడు", "ఇంకో యాభై అడుగులు పోవలసింది", "ఆ రోజు తిథి మంచిది కాదు", "ఇంట్లో ఎవరో మైల పాటించలేదు"! ఆఖరి మాట ఎవరి మీదికి వస్తుందో మీకు తెలుసు. నాలుగు గాజుల జతలు పోగొట్టుకుని, పైగా మైల నింద కూడా మోసింది మా అక్కయ్య.

పడిన బోరు ఊళ్ళో కథగా మిగులుతుంది. పడని బోరు ఇంట్లో అప్పుగా మిగులుతుంది. కథ పదిమందీ చెప్పుకుంటారు, అప్పు సంగతి గుట్టుగా దాచుకుంటారు. పుల్ల పరువు నిలబడిందంటే ఇందుకే.

ఇక చెట్టూ పుట్టా సంగతి. అది నిజమైన విద్యే. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమిలో నీటి జాడ గురించి ఒక అధ్యాయమే రాశాడు. ఏ చెట్టు పక్కన ఏ దిక్కున పుట్ట ఉంటే ఎంత లోతులో నీరుంటుంది, మట్టి రంగేమిటి, రాయి ఎలాంటిది, ఇవన్నీ చెప్పాడు. అందులో ప్రతి మాటా నిజమవుతుందని కాదు గానీ, అవన్నీ పట్టపగలు కళ్ళతో చూసి లెక్కపెట్టుకోదగ్గవి. తప్పయితే తప్పని తేల్చుకోదగ్గవి. తిరిగే పుల్ల అందులో లేదు. యూరపులో కూడా 1556లో గనుల మీద పెద్ద గ్రంథం అచ్చయిన అగ్రికోలా, పంగల పుల్లల గురించి వివరంగా చెప్పి, విద్య తెలిసిన గనివాడికి పుల్లతో పని లేదు, భూమి మీది గుర్తులు చూసుకుంటే చాలని తేల్చాడు. కళ్ళకి రావలసిన గౌరవం పుల్ల ఎందుకు కొట్టెయ్యాలి?

పైగా కళ్ళు చూసేది పైపైనే. ఒంగోలు నుంచి కొత్తపట్నం సముద్రం వైపు పోయే ఇసుక నేలల్లో కాస్త లోతుకు దిగితే ఎక్కడైనా తడి తగులుతుంది. అక్కడ నేను గరిటె పట్టుకుని పాయింటు పెట్టినా నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళు తియ్యనా ఉప్పా అన్నదే ప్రశ్న, దానికి పుల్ల దగ్గర జవాబు లేదు. పడమట పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు కథ వేరు. అక్కడ అడుగున గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలోనూ, లోపల రాతి పగుళ్ళలోనూ మాత్రమే నీరుంటుంది. పగులు తగిలితే బోరు, పది గజాలు తప్పితే బూడిద. మూడు వందల అడుగుల కింద రాయి ఎక్కడ పగిలిందో నేల మీద నిలబడ్డవాడి అంతశ్చేతనకి ఎవరు చెబుతారు? ఏ కంటితో చూసి బీరువాలో పెట్టుకుందది?

దేశదేశాల్లో పరీక్షలు కూడా జరిగాయి. 1987, 88లలో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ప్రభుత్వ ఖర్చుతో ఒక కొట్టంలో పెద్ద పరీక్ష పెట్టారు. ముందు 500 మందిని చూసి, వాళ్ళలో నిఖార్సయిన 43 మందిని ఏరారు. కింది అంతస్తులో పది మీటర్ల గీత వెంబడి నీటి గొట్టాన్ని జరుపుతూ ఉంటే, పై అంతస్తులో వీళ్ళు పుల్లలు పట్టుకుని అదెక్కడుందో చెప్పాలి. 843 సార్లు జరిగింది. పరీక్ష పెట్టినవారు కొందరికి అపూర్వమైన శక్తి ఉందన్నారు. 1999లో ఎన్‌రైట్ అనే శాస్త్రజ్ఞుడు ఆ లెక్కలే మళ్ళీ వేశాడు. ప్రతిసారీ కళ్ళు మూసుకుని 'గీతకి మధ్యలో ఉంది' అనే మనిషి కంటే, అందరిలోకీ ఉత్తముడు సగటున 4 మిల్లీమీటర్లు మాత్రమే దగ్గరగా చెప్పాడట! పది మీటర్లలో నాలుగు మిల్లీమీటర్లంటే పెసరగింజంత. 1990లో కాసెల్‌లో 30 మందితో మరో పరీక్ష జరిగింది. పాతిపెట్టిన గొట్టంలో నీళ్ళు పారుతున్నాయా లేదా అని చెప్పాలి. బొమ్మా బొరుసూ వేసుకున్నా అంతకన్నా తక్కువేం రాదని తేలింది.

ఇదంతా చదువురాని పల్లెటూరివాళ్ళ గోల అనుకుంటున్నారేమో, పొరపాటు. ఇంగ్లండులో 2017లో ఒక శాస్త్ర విద్యార్థిని నీటి సరఫరా కంపెనీల్ని వరసగా అడిగితే, 12లో 10 కంపెనీలు తమ సిబ్బందిలో ఇప్పటికీ కమ్మీలు తిప్పేవాళ్ళున్నారని ఒప్పుకున్నాయి. ఇరాక్ సంగతి ఇంకా ఘోరం. ఏ.డి.ఈ. 651 అని ఒక పరికరం, ప్లాస్టిక్ పిడికి అటూ ఇటూ ఊగే ఒక కమ్మీ, బాంబులు పసిగడుతుందని చెప్పి కోట్ల డాలర్లకి అమ్మారు. లోపల ఏమీ లేదు. గోల్ఫ్ బంతులు వెతుకుతుందని అమ్మిన ఉత్తుత్తి బొమ్మ దానికి మూలం. తనిఖీ కేంద్రాల్లో సైనికులు దాన్ని నమ్మి బళ్ళని వదిలేశారు. 2013లో లండన్ కోర్టు దాన్ని అమ్మినవాడికి పదేళ్ళ జైలు వేసింది. పోయిన ప్రాణాల్ని ఏ కోర్టూ తేలేదు. కమ్మీ పట్టుకున్న ఆ సిపాయి కూడా మా బాబాయిలాగే నిజాయితీగల మనిషై ఉండొచ్చు. కమ్మీ కదిలింది గనకే నమ్మాడు.

అవును, మా బాబాయి. ఈ వాదనంతా ఒకనాటి సాయంత్రం మా వరండాలో జరుగుతుంటే ఆయన పక్కన కుర్చీలో కూర్చుని విన్నారు. ఆయన కోప్పడతారేమోనని నాకు లోలోపల భయమే. చిత్రం, ఆయనే లేచి, "అమ్మాయ్, నా కళ్ళకి గంతలు కట్టి చూడు" అన్నారు.

ముందు కళ్ళు తెరుచుకునే మా దొడ్డంతా తిరిగారు. మూడుసార్లు తిరిగితే మూడుసార్లూ జామచెట్టు పక్కన, ఎప్పుడూ తడిగా ఉండే చోటే పుల్ల వాలింది. లెక్చరరుగారి మొహం వెలిగిపోయింది. అప్పుడు నా ఖద్దరు తువ్వాలు ఆయన కళ్ళకి బిగించి కట్టి, రెండుసార్లు గుండ్రంగా తిప్పి, మా అబ్బాయి భుజం పట్టుకుని నడిపించాడు. మొదటిసారి పుల్ల తులసికోట దగ్గర వాలింది. రెండోసారి స్కూటరు నిలిపే చప్టా మీద. మూడోసారి గేటు పక్కన. మూడుసార్లూ జామచెట్టు పక్కనుంచే వెళ్ళారు, పుల్ల ఉలకలేదు పలకలేదు.

తువ్వాలు విప్పాక ఆయన మేం వేసిన సుద్దముక్క గుర్తులన్నీ చూసుకున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు నా నోరు నొక్కేసుకోవాలనిపించింది. నెగ్గినందుకు సంతోషం రాలేదు సరికదా, పెద్దాయన్ని పట్టుకుని పరీక్ష పెట్టానే అని బాధేసింది.

"నలభై ఏళ్ళ నుంచి అదే తిరుగుద్దనుకున్నానే" అన్నారు చివరికి. తర్వాత అక్కయ్యని పిలిచి, "నీ చేలో ఆ పల్లంలో పాయింటు ఎందుకు పెట్టానో ఇప్పుడు తెలుస్తుందమ్మా. చెరువు కట్ట కింద గడ్డి పచ్చగా ఉంది. పక్క చేలో బోరు ధారగా పోస్తోంది. అది చూస్తూనే నడిచాను" అన్నారు.

అక్కయ్య మెల్లిగా మిగతాది చెప్పింది. వాళ్ళ బోరు పోయడం మొదలుపెట్టాక పక్క చేనివాళ్ళ బోరు సన్నగిల్లిందట. పుల్లకి చుట్టరికాలు తెలియవు గనక, ఇప్పుడా రెండిళ్ళకీ మాటల్లేవు. వాళ్ళ ఇంటి ఇల్లాలు, అక్కయ్యా ఒకప్పుడు కలిసి మిరపకాయలు ఏరుకున్నవాళ్ళు.

కాబట్టి అమ్మలారా, ఇది సైన్సుకీ సంప్రదాయానికీ పోట్లాట అని నన్ను తిట్టకండి. నా బాధ గాజుల గురించి. పుల్ల తిప్పేది మగవాళ్ళు, పాయింటు ఒప్పుకునేది మగవాళ్ళు, కుదువ పెట్టడానికి పోయేది మాత్రం మన ఒంటి మీది బంగారం. నీళ్ళు పడకపోతే బిందె పట్టుకుని నడవాల్సిందీ మనమే. ఇందరి బతుకు ఒక చేతి వణుకు మీద ఆధారపడకూడదు. మనసుకి గొప్ప శక్తి ఉందని పొగిడితే ఆ వణుకు జ్ఞానం అయిపోదు. అంతశ్చేతన ఆశని ఎరుగును, భయాన్ని ఎరుగును, మరిచిపోయిన దృశ్యాల్ని ఎరుగును. భూగర్భాన్ని ఎరగదు.

గాజులు తియ్యమన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. 'ఈయన పాయింటు పెట్టిన బోర్లెన్ని, పడనివెన్ని?' పడినవాటి పేర్లు ఎవరైనా చెబుతారు, మీరు పడనివాటి పేర్లు అడగండి. 'యంత్రంతో సర్వే చేయించారా?' నేలలో ఇనప కడ్డీలు దిగేసి కరెంటు పంపి, ఏ లోతున నేల ఎంత అడ్డు పడుతోందో కొలుస్తారు. అదీ ఒక్కోసారి తప్పుతుంది, దైవవాక్కేం కాదు. కానీ కాగితం మీద లెక్క ఉంటుంది, తప్పితే ఎక్కడ తప్పిందో చూడొచ్చు. 'అనుమతి తీసుకున్నారా, పక్క బోరు ఎంత దూరం?' నీరు, భూమి, చెట్ల రక్షణకి మన రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం చేసింది ఇందుకే. మంచినీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వెయ్యకూడదన్నది అందులో ముఖ్యమైన నియమం. 'పడిన నీళ్ళు పరీక్షకి పంపుతారా?' కనిగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడు ఎంతమంది పిల్లల పళ్ళు గారపట్టించిందో, ఎంతమంది ముసలివాళ్ళ నడుములు వంచిందో మనకి తెలుసు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే అది తాగే నీరు కాదు. 'జల ఉంది' అని పుల్ల చెబుతుందేమో గానీ, 'తాగకమ్మా' అని ఇంతవరకూ ఏ పుల్లా చెప్పలేదు.

మా బాబాయి పుల్ల పట్టడం మానేశారా అని అడుగుతారు మీరు. మానలేదు. పిలిస్తే ఇప్పటికీ వెళతారు, కాదనలేని మనిషి. అయితే పుల్ల విరిచే ముందు ఇంటి ఆడవాళ్ళని కూడా చేలోకి రమ్మంటారట. "నేను చూసేది కళ్ళతోనేనమ్మా. నా మాట మీద అప్పు చెయ్యబాకండి" అని చెప్పి, ఆ తర్వాతే నడుస్తారట. దాంతో ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ధీమాగా 'పడిద్ది' అనేవాడే కావాలి జనానికి.

అక్కయ్య వెళ్ళే రోజున బస్సెక్కించడానికి స్టాండుకి వెళ్ళాను. కిటికీలోంచి చెయ్యి ఊపింది. పక్క సీటావిడ ఆ చేతికేసి చూసి, "పొలం పనులున్నాయేమో, గాజులు తీసి దాచుకున్నారా?" అంది చనువుగా.

"ఆఁ, దాచుకున్నాను" అంది మా అక్కయ్య.